చిరునామా లేని అక్కచెల్లెళ్ళు

అక్కచెల్లెళ్ళిద్దరు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరోజు తెల్లవారుజామున చెల్లెలు ఉరేసుకుందని అక్కకు కబురొస్తుంది. ఊరంతా ఆత్మహత్యేనంటుంది. పోలీసులూ అదే రాసుకుంటారు. అక్క మాత్రం నమ్మదు. మారుపేరుతో చెల్లెలి ఊరు చేరి, లాడ్జి రిజిస్టర్లు తిరగేసి, ఫోన్ నంబర్ల వెంటపడి, పేజీకో మలుపు తిరుగుతూ చివరి పేజీలో హంతకుణ్ణి పట్టిస్తుంది. చదివినవాళ్ళు పుస్తకం మూసి తృప్తిగా నిద్రపోతారు.

ఈ తరహా కథలు మనకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నుంచి మధుబాబు షాడో దాకా అద్దె పుస్తకాల షాపుల్లో పోటీపడి చదివినవాళ్ళమే మనమంతా. ఆ నవలల్లో ఆడవాళ్ళు చాలామటుకు శవాలుగానో, మగవాణ్ణి వలలో వేసుకునేవాళ్ళుగానో కనిపించేవాళ్ళు. ఇప్పుడు సినిమాల్లో, ఫోన్లలో చూసే వెబ్ సిరీస్‌లలో పరుగులు తీసే నేరకథల్లో ఒక స్త్రీ తనే పరిశోధనకు దిగుతోంది. ఇది మంచి మార్పే. కథలకు బలం లేదని మనం ఎప్పుడూ అనం. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం వాచకంలో చదువుకున్న సీతమ్మ కథ సారా వ్యతిరేకోద్యమానికి నిప్పురవ్వ అయింది. దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1995 జనవరిలో మద్యనిషేధం దాకా వెళ్ళింది. స్త్రీలు చదివే కథ ఏం చెప్తోందన్నది చిన్న విషయం కాదు.

అందుకే ఈ నేరకథలను రెండు ప్రశ్నలు అడగాలి. ఆ అక్కచెల్లెళ్ళు అసలెందుకు దూరమయ్యారు? నేర పరిశోధన నిజంగా ఎలా జరుగుతోంది? మొదటిదాన్ని కథ గతం అని ఒక్క పేరాలో తేల్చేస్తుంది. రెండోదాన్ని వేగంతో కప్పేస్తుంది. మన పని మొదలయ్యేది మాత్రం ఈ రెండు చోట్లే.

ఈ కథ తిరుచానూరులో జరిగిందనుకుందాం. కార్తీక బ్రహ్మోత్సవాల ఆఖరిరోజున, పంచమి తీర్థానికి, తిరుమల నుంచి అమ్మవారికి పసుపు కుంకుమలు, చీర, సారె వస్తాయి. మే నెలలో తిరుపతి గంగజాతరకు తాతయ్యగుంట గంగమ్మ వెంకటేశ్వరుడి చెల్లెలంటూ తిరుమల నుంచే పుట్టింటి సారె వెళ్తుంది. దేవతకు కూడా ఏడాదికోసారి పుట్టింటివాళ్ళు ఉన్నారని ఊరందరికీ తెలియాలన్నది ఈ ప్రాంతపు ఆచారం. ఆడపిల్లను అడిగేవాళ్ళు ఉన్నారని అత్తింటికి తెలియజెప్పడమే సారె వెనకున్న అసలు సంగతి. మరి మామూలు ఇళ్ళలో ఆ సారె ఎప్పుడు ఆగిపోతుంది? ఆగినప్పుడు ఎవరు అడుగుతున్నారు?

అక్కచెల్లెళ్ళ మధ్య సొంత తగాదాలుండవని కాదు. ఉంటాయి. కానీ మన సంఘాల దగ్గరికి వచ్చే కేసుల్లో ఆ దూరం చాలాసార్లు ఎవరో పనిగట్టుకుని పెంచిందే. భర్త ఫోన్ లాక్కుంటాడు. మీ అక్క వచ్చినప్పుడల్లా నీకు నోరు లేస్తోందని అత్త అంటుంది. పండక్కి పంపరు. పురిటికి పంపరు. నాలుగేళ్ళు గడిచేసరికి ఆమెకు మాతో రాకపోకల్లేవు అనే మాట స్థిరపడిపోతుంది. గృహహింస చట్టం కింద ఇచ్చే ఫిర్యాదు నమూనాలో ఇల్లు కదలనివ్వకపోవడం, ఎవరినైనా కలవకుండా అడ్డుకోవడం కూడా హింసగానే ఉన్నాయి. అంటే రాకపోకలు తెగడం కుటుంబ విషయం కాదు, హింసకు ఆనవాలు. దెబ్బల మచ్చ కన్నా ముందు కనిపించే ఆనవాలు ఇదే.

రెండో కారణం ఆస్తి. ఇక్కడ కుటుంబంతోపాటు చట్టం కూడా అక్కచెల్లెళ్ళను వేరు చేసింది. 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో ముందడుగు వేసిన చట్టాల్లో అదొకటి. కానీ అమల్లోకి వచ్చిన 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టినా, 1984లో పెళ్ళయిన అక్కకు వాటా లేదు, ఇంట్లో ఉన్న చెల్లెలికి ఉంది. కేంద్ర చట్టం 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు కూతురిదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. అప్పటికి 35 ఏళ్ళు గడిచిపోయాయి. ఈలోగా ఎన్ని ఇళ్ళలో మనసులు విరిగిపోయాయో! ఇప్పటికీ అన్నదమ్ములు హక్కు విడుదల దస్తావేజు తెచ్చి పెడతారు. పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చాం కదా అంటారు. సంతకం పెట్టిన అక్క మంచిది, పెట్టని చెల్లెలు ఆశపోతు. తిరుపతి చుట్టుపక్కల సెంటు భూమికి ఇంత ధర పలుకుతున్న రోజుల్లో ఈ సంతకం దగ్గర మాటలు తెగిన అక్కచెల్లెళ్ళను ఎరగని కార్యకర్త మనలో ఉండదు.

మూడో కారణం కులం. కులం తప్పి పెళ్ళి చేసుకున్న పిల్లతో మాట్లాడితే నిన్నూ వదిలేస్తామని ఇంట్లో ఉన్న రెండో పిల్లను బెదిరిస్తారు. 2019 జూన్‌లో పలమనేరు దగ్గర ఒక పల్లెలో, దళిత యువకుణ్ణి పెళ్ళి చేసుకున్న బాలింతను పుట్టింటివాళ్ళే చంపారని కేసు నమోదైంది. ఆడపిల్లకు పుట్టిల్లే రక్ష అని కళ్ళు మూసుకుని అనలేం. రక్త సంబంధం వేరు, ఆ పిల్ల పక్షాన నిలబడే మనిషి వేరు. ఇంట్లో తండ్రీ అన్నదమ్ములూ ఒక్కటైపోయినప్పుడు ఆ పిల్ల గురించి ఇంకో మాట చెప్పగలిగేది చాలాసార్లు అక్కో చెల్లెలో మాత్రమే. ఆమె నోరు ముందే నొక్కేస్తారు.

ఈ దూరమే నేరగాడికి పెట్టని కోట. కర్ణాటకలోని దక్షిణ కన్నడ ప్రాంతంలో మోహన్ కుమార్ అనే ఉపాధ్యాయుడు 2003 నుంచి 2009 దాకా 20 మంది స్త్రీలను సైనైడ్‌తో చంపిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కట్నం ఇచ్చుకోలేక పెళ్ళి కాని పేదింటి పిల్లలను పెళ్ళి చేసుకుంటానని ఊరు దాటించేవాడు. గర్భం రాకుండా మాత్ర అని నమ్మించి బస్టాండు మరుగుదొడ్డిలోకి వెళ్ళి వేసుకోమనేవాడు. నగలు తీసుకుని వెళ్ళిపోయేవాడు. బస్టాండ్లలో లోపల గడియ పెట్టిన గదుల్లో పట్టుచీరలతో శవాలు దొరుకుతుంటే ఒక్కో స్టేషన్‌లో ఒక్కో అసహజ మరణంగా, గుర్తు తెలియని మహిళగా రాసుకున్నారు. ఇళ్ళ దగ్గరేమో కొన్ని కుటుంబాలు పిల్ల ఎవరినో చేసుకుని వెళ్ళిపోయిందనుకుని ఊరుకున్నాయి. చివరికి ఒక యువతి కనిపించడం లేదని ఆమె వర్గంవాళ్ళు గట్టిగా నిలదీశాక పోలీసులు ఆమె ఫోన్ నంబరు పట్టుకుని, అందులోంచి మరో తప్పిపోయిన స్త్రీ నంబరుకు, అక్కడినుంచి ఇంకో నంబరుకు వెళ్తే 2009లో ఈ వరస హత్యలన్నీ బయటపడ్డాయి. అతని తెలివి గొప్పదేమీ కాదు. వెళ్ళిపోయిన ఆడపిల్ల కోసం ఎవరూ వెతకరని అతనికి తెలుసు. అంతే.

మన దగ్గరా అదే జరిగింది. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో బడి నుంచి తిరిగొస్తున్న బాలిక శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఆ తవ్వకంలోనే అంతకు నెలన్నర ముందు కనిపించకుండా పోయిన డిగ్రీ విద్యార్థిని అవశేషాలు బయటపడ్డాయి. ఎవరితోనో వెళ్ళిపోయిందనుకుని, పరువు పోతుందని ఆ ఇంట్లో ఫిర్యాదే ఇవ్వలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. 2015లో మాయమైన మరో చిన్నారి అవశేషాలు దగ్గర్లోనే ఇంకో బావిలో దొరికాయి. లేచిపోయింది అనే ఒక్క మాట ఎంతమంది నేరగాళ్ళకు గడువిచ్చిందో ఆలోచించండి. తిరుపతి, తిరుచానూరు వంటి యాత్రాస్థలాల్లో ఈ మాటకు ఇంకా బలం. రోజూ వేలమంది వచ్చిపోయే చోట, రైలు దిగిన ఆడమనిషి ఏ ఊరిదో, ఎవరితో వచ్చిందో ఎవరికి పట్టింది? కొండకు పోయింది, ఎక్కడుందో తెలీదు అని ఇంట్లో చెప్పేస్తే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూద్దాం. వరకట్నపు చావుల మీద మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చి పోరాడినందువల్లే 1983లో నేరచట్టాలను సవరించారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్షకు పంపాల్సిందే. ఏడేళ్ళలోపు చనిపోయిన స్త్రీ విషయంలో ఆమె బంధువు ఎవరైనా కోరితే చాలు, అప్పుడూ పంపాల్సిందే. ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయినప్పుడు మేజిస్ట్రేటు విచారణ కూడా జరగాలి. మన జిల్లాల్లో తహసీల్దారు ఎదుట జరిగే శవపంచనామా ఇదే. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇవే నియమాలు 194, 196 సెక్షన్లుగా ఉన్నాయి.

ఈ 196వ సెక్షన్‌ను కార్యకర్తలంతా ఒకసారి జాగ్రత్తగా చదవాలి. మేజిస్ట్రేటు విచారణ జరిపేటప్పుడు వీలైన చోటల్లా చనిపోయినవారి బంధువులకు కబురు చేయాలి, విచారణలో ఉండనివ్వాలి. బంధువులంటే ఎవరు? తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భర్త లేదా భార్య అని చట్టమే వివరించింది. అంటే అక్కచెల్లెళ్ళను పేరుపెట్టి చెప్పింది. వాళ్ళతో మాటలున్నాయా, రాకపోకలున్నాయా అని అడగలేదు. పదేళ్ళుగా మొహం చూసుకోని అక్క అయినా బంధువే. ఆమె కాగితం మీద రాసి ఇచ్చిన అభ్యర్థనకు, మాట్లాడుకుంటున్న తమ్ముడి అభ్యర్థనకు ఉన్నంత విలువే ఉంది.

కానీ అదే నియమంలో ఒక చిన్న మాట ఉంది. కబురు చేయవలసింది పేరు, చిరునామా తెలిసిన బంధువులకు. తెలియకపోతే? శవం పక్కన నిలబడి ఈమె తాలూకువాళ్ళు ఎవరూ లేరండీ అని చెప్పేది ఎవరు? భర్త, అత్తమామలు, వాళ్ళ పక్కింటివాళ్ళు. పంచనామా మీద సంతకాలు పెట్టేదీ తరచు వాళ్ళే. మధ్యాహ్నానికల్లా శవం రుయా ఆసుపత్రి మార్చురీ నుంచి బయటికొస్తుంది. సాయంత్రానికి దహనం అయిపోతుంది. అక్కకు మూడోరోజు తెలుస్తుంది. అప్పటికి శవం లేదు, గది కడిగేశారు, ఫోన్ ఎక్కడుందో తెలీదు. అక్కచెల్లెళ్ళను ఇన్నేళ్ళూ దూరం చేసినందుకు ఫలితం ఆ ఒక్క రోజున అక్కరకొస్తుంది. చిరునామా తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు.

ఇక వేగం సంగతి. నేరకథలో పరిశోధనంటే పరుగు. ఆ పరుగుకు అలవాటుపడి మనం కూడా న్యాయమంటే వేగం అనుకుంటున్నాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు స్కూటర్ ఆగిపోయిందని, భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసింది. ఫోన్ మూగబోగానే ఆ చెల్లెలు టోల్‌గేటు దాకా వెళ్ళి వెతికింది. కుటుంబం పోలీసుస్టేషన్‌కు పోతే ఇది మా పరిధి కాదని ఇంకో స్టేషన్‌కు తిప్పారు. నిజంగా పరిగెత్తాల్సిన ఆ గంటల్లో పోలీసులు పరిగెత్తలేదు. ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను తర్వాత సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున మాత్రం నలుగురు నిందితులనూ కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. అది బూటకపు ఎదురుకాల్పులని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. అప్పటికి పూలు చల్లినవాళ్ళు ఆ సంగతే మర్చిపోయారు.

ఇంకో కేసు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రం అట్టుడికింది. పోలీసులు 2008లో ఒక దళిత యువకుణ్ణి తెచ్చి హంతకుడన్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది, పరిహారం ఇమ్మంది. ఆ పిల్ల తల్లి మొదటినుంచీ అసలు దోషులు వేరని మొత్తుకుంటూనే ఉంది. 2018లో సిబిఐకి అప్పగించేనాటికి కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తు సాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తెలిసింది. ఎవరో ఒకణ్ణి చూపించి అలజడి చల్లార్చే పరిశోధన వల్ల చనిపోయిన పిల్లకు న్యాయం దక్కలేదు, బతికున్న యువకుడి ఎనిమిదేళ్ళు పోయాయి.

మనకు కావలసింది ఆ వేగం కాదు. మొదటి గంటలో కదలడం, ఆ తర్వాత ఓపిగ్గా, తప్పు లేకుండా పనిచేయడం. ఇది డిటెక్టివ్ నవలలా ఉండదు. గదికి తాళం వేయించడం, ఫోన్ స్వాధీనం చేసుకున్నట్టు రాయించడం, వంటింటి గోడకు మసి ఏ ఎత్తున పట్టిందో ఫొటో తీయించడం, పక్కింటామె చెప్పిన మాటను తేదీ వేసి రాసుకోవడం. నిజనిర్ధారణ కమిటీల్లో తిరిగిన మన కార్యకర్తలు నలభై ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే. ఏ కథా రాయకపోయినా డిటెక్టివులు వాళ్ళే.

కాబట్టి మన సంఘాలు ప్రతి ఊళ్ళోనూ చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అక్కచెల్లెళ్ళు బతికుండగానే కదలవచ్చు. గృహహింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చని 2005 చట్టం చెప్తోంది. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పిల్ల కనిపించకపోతే ఏ స్టేషన్‌కైనా వెళ్ళవచ్చు. నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని కొత్త సంహితలోని 173వ సెక్షన్ అంటోంది. పరిధి కాదన్న జవాబు ఇక చెల్లదు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. పరిశోధన ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి. చావు కబురు వస్తే ముందు చేయాల్సిన పని, శవపరీక్ష కోరుతూ, విచారణలో ఉండనివ్వమని కోరుతూ రెండు వాక్యాల అర్జీ రాసి, మన పేరూ చిరునామా వేసి, పోలీసులకూ తహసీల్దారుకూ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం. దహనం ఆపమని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. చెల్లెలు పంపిన మెసేజీలను చెరిపేయకూడదు, అవి మనల్ని తిట్టినవైనా సరే.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. పెళ్ళయిన స్త్రీ అనుమానాస్పదంగా చనిపోయినప్పుడు బంధువుల వివరాలు భర్త తరపువారిని మాత్రమే అడిగి రాసుకోవడం ఆపాలి. ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబర్ల ఆధారంగా పుట్టింటివారిని, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళను వెతికి కబురు చేశామని పంచనామాలో రాసి తీరాలి. కబురు చేయకపోతే ఎందుకు చేయలేదో రాయాలి. గుర్తు తెలియని మహిళల శవాల వివరాలను, తప్పిపోయిన మహిళల ఫిర్యాదులను జిల్లాలు, రాష్ట్రాలు దాటి సరిపోల్చాలి. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులున్న చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇది మరీ అవసరం. ఇరవై ప్రాణాలు పోయాక గానీ మంగుళూరులో తెలియని పాఠం మనకు అన్ని ప్రాణాల ఖర్చు లేకుండానే తెలియాలి.

ఇవన్నీ అడుగుతూనే మన చేతిలో ఉన్న ఒక పని మొదలుపెడదాం. ప్రతి పొదుపు సంఘంలో, అప్పుల పుస్తకం పక్కన ఇంకో పుస్తకం పెడదాం. సంఘంలోని ప్రతి స్త్రీకి ఉన్న అక్కచెల్లెళ్ళ పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు అందులో రాద్దాం. ఊరు విడిచి పెళ్ళయిపోయే ప్రతి పిల్ల నంబరూ రాద్దాం. మాటలు లేనివాళ్ళవి ముందు రాద్దాం. ఎందుకు మాటల్లేవని ఎవరినీ నిలదీయనక్కర్లేదు, రాజీ చేయించనక్కర్లేదు. ఆస్తి తగాదా ఉంటే కోర్టులో తేల్చుకుంటారు. ఆ పుస్తకంలో పేరుండడమంటే ఒక్కటే అర్థం: ఈ మనిషికి ఏమైనా అయితే అడగడానికి ఫలానా ఊళ్ళో ఫలానా మనిషి ఉంది. భర్తకూ అత్తకూ పోలీసుకూ ఆ సంగతి ముందే తెలియాలి.

తిరుచానూరుకు ఏటా వచ్చే సారె ఊరంతా చూస్తుండగా వస్తుంది. మన ఆడపిల్లల చిరునామా కూడా అలాగే నలుగురికీ తెలిసేలా ఉండాలి. ఈ సంచిక అందిన వారంలోనే మీ సంఘంలో ఆ పుస్తకం మొదలుపెట్టి, మీ అనుభవాలు మాకు రాయండి.